గోవా 70.3 ప్రాజెక్టు డైరీ: ఉక్కపోతలో 113 కిలోమీటర్ల లెక్క

పణజీలోని మిరామార్ బీచ్ దగ్గర జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 గోవా అనే ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు ఆగకుండా వరసగా చేసే రేసు) కోసం నడిపిన డైరీ ఇది. సముద్రంలో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. కలిపితే 113 కి.మీ.; మైళ్లలో 70.3, పేరు అక్కడిదే. ఈ రేసు 2019 అక్టోబరులో మొదలైంది. కోవిడ్ వల్ల రెండేళ్లు ఆగి, 2022 నుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో మళ్లీ జరుగుతోంది. వానలు తగ్గినా గాలిలో తేమ తగ్గని కాలమది.

హైదరాబాదు పొడిగాలిలో సాధన చేసి వెళ్లినవాళ్లకు అక్కడ పరుగులో పదో కిలోమీటరు దాటాక కాళ్లు మొండికేస్తాయి. తప్పు కాళ్లది కాదు. పొద్దున్నుంచి ఒంట్లో చేరిన వేడి, చెమటగా పోయిన నీళ్లు, సైకిల్ మీద అవసరానికి మించి తొక్కిన పది వాట్లు (పెడల్ మీద పెట్టే బలానికి కొలత; పవర్ మీటర్ చూపిస్తుంది), అన్నీ కలిసి అక్కడ బయటపడతాయి. అందుకే ఈ డైరీలో ఏ దశ తీసుకున్నా చూసేది ఒకటే: ఈ మార్పు వల్ల పరుగు మొదలయ్యేసరికి ఒంట్లో నీరు మిగులుతుందా, తరుగుతుందా?

కొలతలన్నీ 72 కిలోల బరువుండి, ఉద్యోగం చేసుకుంటూ సాధన చేసే మనిషివి. అంకెలు మీకు వేరుగా వస్తాయి. కొలిచే పద్ధతి మాత్రం ఇదే వాడుకోవచ్చు.

దశ 0: గడియారం

మొదట కటాఫ్‌లను, అంటే దాటితే రేసు నుంచి తప్పించే గడువులను, లెక్కేయాలి. ఈతకు 1 గంట 10 నిమిషాలు, సైకిల్ ముగిసేసరికి 5:30, మొత్తం రేసుకు 8:30. మార్గం, సమయాలు ఏటా కొంత మారవచ్చు కాబట్టి ఆ ఏటి అథ్లెట్ గైడ్ చూసుకోండి.

1. ఈత: 70 నిమిషాల్లో 1,900 మీటర్లంటే 100 మీటర్లకు 3:41.
2. సైకిల్: ఈతకు 70 నిమిషాలు, టీ1కు (ఈత నుంచి సైకిల్‌కు మారడం) 10 పోతే మిగిలేవి 250 నిమిషాలు. అంటే గంటకు 21.6 కి.మీ. సగటు.
3. పరుగు: మిగిలే 3 గంటల్లో టీ2కు (సైకిల్ నుంచి పరుగుకు మారడం) 5 నిమిషాలు తీసేస్తే కిలోమీటరుకు 8:18.

ఈ మూడింటిలో దేన్నీ అంచు మీద పెట్టుకోకూడదు. ఒక్క పంక్చరైతే పది నిమిషాలు పోతాయి.

మైదానంలో, చల్లని పొద్దున తీసిన కొలతలతో వేసిన తొలి అంచనా ఇది.

మొత్తం (దశ 0): ఈత 0:46, టీ1 0:06, సైకిల్ 3:10, టీ2 0:05, పరుగు 2:10. కలిపి 6:17.

ఈ అంకె ఎలా పెరుగుతూ పోయిందో, ఎందుకు పెరగాల్సి వచ్చిందో ఇక చూడండి.

దశ 1: ఈత, కొలను నుంచి సముద్రానికి

కొలనులో సీఎస్ఎస్ పరీక్ష (అలసిపోకుండా నిలపగల ఈత వేగాన్ని అంచనా వేసేది) సరిపోతుంది. వార్మప్ అయ్యాక 400 మీటర్లు పూర్తి జోరుతో, బాగా విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు పూర్తి జోరుతో. రెండు సమయాల తేడాను రెండుతో భాగిస్తే 100 మీటర్ల పేస్ వస్తుంది. ఇక్కడ 400కు 9:20, 200కు 4:28. తేడా 4:52, పేస్ 2:26. ఆ లెక్కన 1,900 మీటర్లకు 46 నిమిషాలు.

ఈ 46 సముద్రంలో నిలవదు. 25 మీటర్ల కొలనులో 1,900 మీటర్లంటే 76 పొడవులు, 75 సార్లు గోడను తన్నడం. తన్నిన ప్రతిసారీ కొన్ని మీటర్లు ఊరికే జారిపోతాం, భుజాలకు ఒక్క క్షణం విరామం దొరుకుతుంది. సముద్రంలో గోడ లేదు, అడుగున నల్లగీత లేదు. మిరామార్ దగ్గర మాండవి నది అరేబియా సముద్రంలో కలుస్తుంది. నీళ్లు మబ్బుగా ఉంటాయి, చేయి చాచితే వేళ్లు కనబడవు. గోవా నీళ్లు వెచ్చన కాబట్టి ఒంటిని తేల్చే రబ్బరు వెట్‌సూట్ ఆసరా కూడా ఉండదు. నడుము మునిగిపోయే ఈత ఉన్నవాళ్లు దాన్ని కొలనులోనే సరిచేసుకోవాలి.

దెబ్బతిన్నవి, మార్చినవి:

వంకర దారి. సముద్రంలో ఈదాక వాచీ గీసిన గీత 2,050 మీటర్లు చూపింది. కుడివైపే ఊపిరి తీసుకోవడం వల్ల ఒంటి బరువు అటు వాలి, దారి ఎడమకు లాగుతోంది. పరీక్ష తేలిక: ఖాళీ లేన్ మధ్యలో కళ్లు మూసుకుని 15 స్ట్రోకులు వేసి, ఏ తాడు తగిలిందో చూడండి. మూడు స్ట్రోకులకోసారి ఊపిరి తీస్తూ రెండు వైపులా అలవాటు చేశాక పక్కకు పోవడం తగ్గింది. పూర్తిగా పోలేదు.

తల ఎత్తడం. దారి చూపడానికి నీళ్లలో తేలేలా కట్టిన గుర్తు కోసం తల పూర్తిగా ఎత్తితే నడుము మునుగుతుంది, ఆ స్ట్రోకు వృథా. మొసలిలా కళ్లు మాత్రమే నీటి పైకి తెచ్చి, చూసి, అదే కదలికలో తల పక్కకు తిప్పి ఊపిరి తీయాలి. ఎదుట చూడటం, ఊపిరి తీయడం ఒకేసారి చేయబోతే నోట్లోకి ఉప్పునీళ్లు వస్తాయి. ఎనిమిది స్ట్రోకులకోసారి చూస్తే చాలు. అలలున్న రోజు అల పైకెత్తినప్పుడే చూడాలి.

మొదటి 200 మీటర్లు. ఎంత వచ్చినవాళ్లకైనా గుంపులో కాళ్లు చేతులు తగిలేసరికి ఊపిరి గొంతులోకి వస్తుంది. కొలనులో తాళ్లు తీయించి ముగ్గురు పక్కపక్కన ఒకే లేన్‌లో ఈదడం దీనికి మంచి సాధన. రేసులో అందరూ ఒకేసారి దూకరు, కొద్దికొద్దిగా వదులుతారు. మీ నిజమైన సమయానికి తగిన వరసలో నిలబడండి. ముందు వరసలోకి వెళితే పైనుంచి ఈదుకుపోతారు.

గాగుల్స్. మిరామార్ పడమటి తీరం. వెళ్లేటప్పుడు సూర్యుడు వెనక ఉంటాడు, ఒడ్డుకు తిరిగేటప్పుడు సరిగ్గా కళ్లలోకి కొడతాడు. లేతరంగు గాగుల్స్‌తో తిరుగుదారిలో గుర్తులు కనబడవు. ముదురు రంగువి వాడండి, ఇంకో జత వెంట ఉంచుకోండి.

ఒరుపు. ఉప్పునీళ్లు, ట్రైసూట్ (మూడింటికీ వేసుకునే ఒకే బిగుతు దుస్తు) అంచు కలిసి మెడ వెనక, చంకల్లో చర్మాన్ని గీరేస్తాయి. దిగే ముందు వాజిలీన్ దట్టంగా రాయండి. గాగుల్స్ తొడుక్కున్నాక రాయండి. వాజిలీన్ వేలు అద్దానికి తగిలితే ఇక ఏమీ కనబడదు.

సముద్ర సాధన ఎక్కడ? హైదరాబాదు చెరువులు వద్దు: గుర్రపుడెక్క, మురుగు, అనుమతుల గొడవ. విశాఖలో రుషికొండ వైపు లైఫ్‌గార్డులున్న చోట, ఒడ్డుకు సమాంతరంగా ఈదడం మేలు. ఆర్కే బీచ్ చూడ్డానికి మెత్తగా ఉన్నా లోపలికి లాగే ప్రవాహాలున్న చోటు. అక్కడ సాధనకు దిగకండి. నియమాలు నాలుగు:

1. ఒంటరిగా ఎప్పుడూ దిగకూడదు.
2. నడుముకు నారింజరంగు గాలితిత్తి తప్పనిసరి.
3. ఆ రోజు వేటకు పోయిన మత్స్యకారులను అడగకుండా దిగకూడదు. వాళ్లు వద్దంటే వద్దు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతానికి తుపాన్ల కాలం కాబట్టి సముద్రపు ఈతలను సెప్టెంబరు లోపే ముగించుకునేలా చూసుకోండి.
4. ప్రవాహం లోపలికి లాగితే ఒడ్డుకేసి పోరాడకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక తిరగాలి.

2,050 మీటర్లు, 100కు 2:29 చొప్పున 51 నిమిషాలు.

మొత్తం (దశ 1): ఈత 0:51. కలిపి 6:22.

దశ 2: సైకిల్, వాట్లు తగ్గించే పని

ఇరవై నిమిషాల పరీక్షలో సగటు 221 వాట్లు. అందులో 95 శాతం ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలపగల జోరు), అంటే 210. ఇలాంటి సగం దూరం రేసుకు (70.3 పూర్తి ఐరన్‌మ్యాన్‌లో సగం) సాధారణంగా చెప్పే 75 నుంచి 78 శాతం తీసుకుంటే 158 నుంచి 164 వాట్లు. మొదట 158తోనే మూడు గంటల రైడ్లు చేశాం.

హైదరాబాదులో దీనికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో వేసిన 23 కి.మీ. సైకిల్ ట్రాక్ బాగుంటుంది. లారీలు, కుక్కలు, స్పీడ్ బ్రేకర్ల బెడద లేకుండా వాట్లు నిలకడగా పెట్టవచ్చు. కానీ అక్కడ నీడ. అక్కడ వచ్చిన అంకెలను గోవాకు మోసుకెళ్లకూడదు. ఎండలో, ఉక్కలో ఏమవుతుందో తెలియాలంటే విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు సరైన చోటు: ఒక పక్క సముద్రపు గాలి, కొద్దిపాటి ఎత్తుపల్లాలు, పొద్దు ఎనిమిది దాటితే తలమీద ఎండ.

అక్కడ తేలింది: 158 వాట్ల దగ్గర మొదటి గంటలో గుండె వేగం సగటు 138, మూడో గంటలో అవే వాట్లకు 152. అంటే 10 శాతం పెరిగింది. రైడ్ అయ్యాక పరిగెత్తబోతే రెండో కిలోమీటరుకే నడక. కారణం ఇది: చెమటగా నీళ్లు పోయేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది. అదే రక్తం చర్మాన్ని చల్లబరచాలి, కండరాలకూ వెళ్లాలి. తక్కువ రక్తాన్ని గుండె ఎక్కువసార్లు తిప్పుతుంది.

మార్చినవి రెండు: వాట్లు 158 నుంచి 152కి, తాగే నీళ్లు గంటకు 600 మి.లీ. నుంచి 850కి. అదే రోడ్డు, దాదాపు అదే ఎండ: మొదటి గంట 136, మూడో గంట 143. పెరుగుదల 5 శాతం. వదులుకున్న ఆరు వాట్లు, ఎండ, గాలి అన్నీ కలిసి 90 కి.మీ.కు ఎనిమిది నిమిషాలు తీసుకున్నాయి. తర్వాతి పరుగు నిలబడింది. పవర్ మీటర్ లేనివాళ్లు గుండె వేగంతోనే ఇది చేసుకోవచ్చు. మూడో గంటలో వేగం తగ్గకుండా గుండె వేగం మొదటి గంట కంటే 5 శాతానికి మించి పెరగకపోతే అదే మీ రేసు జోరు.

ఫ్లైఓవర్ల దగ్గర గమనించాల్సిందొకటి. ఎక్కేటప్పుడు తెలియకుండానే 260, 280 వాట్లు పోతాయి. సగటులో కనబడవు, కండరాల్లో పేరుకుంటాయి. 200 దాటకూడదని హద్దు పెట్టుకుని చిన్న గేరులో ఎక్కడం సాధన చేయాలి. పక్కనుంచి పదిమంది దాటిపోతారు, పోనివ్వండి.

కూర్చునే భంగిమ. రోడ్ బైక్‌కే ఏరోబార్లు (మోచేతులు ఆనించి ముందుకు వంగే హ్యాండిళ్లు) బిగించి తొక్కితే 60 కి.మీ. దాటాక మెడ, నడుము పట్టేశాయి, గజ్జల్లో తిమ్మిరి. మార్చినవి వరసగా: మోచేతి ప్యాడ్ల కింద 15 మి.మీ. స్పేసర్లు, సీటు 10 మి.మీ. ముందుకు, సీటు ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి. ఒక్కో మార్పు తర్వాత కనీసం ఒక పొడవైన రైడ్ చేయాలి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. తిమ్మిరి పోగొట్టింది మూడోది.

టైర్లు. 28 మి.మీ. టైర్లకు గాలి ఒత్తిడి ముందు 68, వెనక 72 పీఎస్ఐ. ఎక్కువ గాలి కొడితే వేగం వస్తుందనుకుంటారు. గరుకు తారురోడ్డు మీద సైకిల్ ఎగిరెగిరి పడి ఆ శక్తి వృథా అవుతుంది. పంక్చర్లలో ఎక్కువ తుమ్మముళ్లు, పేలిన లారీ టైర్లనుంచి రాలిన సన్నటి ఇనుప తీగలు. తీగ కంటికి కనబడదు. కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపల పాత గుడ్డతో తుడిస్తే దారం ఎక్కడ పట్టుకుంటుందో అక్కడే తీగ ఉంటుంది. ఇది చేయకుండా ట్యూబ్ మారిస్తే రెండో ట్యూబ్ కూడా పోతుంది.

వెనక చక్రం పంక్చర్ డ్రిల్లు:

1. గొలుసును వెనక చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి చక్రం తీయాలి.
2. టైరు ఒక పక్క మాత్రమే లివర్లతో విప్పాలి.
3. లోపల గుడ్డతో తుడిచి ముల్లు, తీగ తీయాలి.
4. కొత్త ట్యూబ్‌కు కొద్దిగా గాలి నోటితో ఊది పెట్టాలి, మడతలు పడవు.
5. టైరును చేతులతోనే లోపలికి తోయాలి. లివరుతో తోస్తే ట్యూబ్ చిరుగుతుంది.
6. చుట్టూ ట్యూబ్ ఎక్కడా ఇరుక్కోలేదని చూసి గాలి కొట్టాలి.

మొదట 11 నిమిషాలు పట్టింది, సాధనతో 6కు వచ్చింది. వెంట రెండు ట్యూబులు, రెండు లివర్లు, చేతిపంపు, టైరు కోసుకుపోతే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క.

డ్రాఫ్టింగ్ (ముందువాళ్ల చాటున గాలి తప్పించుకుంటూ తొక్కడం) నియమం కూడా సాధన చేయాల్సిందే. ముందువాళ్ల ముందు చక్రం నుంచి మీ ముందు చక్రానికి 12 మీటర్లు, దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటెయ్యాలి. తప్పితే 5 నిమిషాల శిక్ష. ఎడమ అంచున తొక్కి కుడివైపు నుంచి దాటాలి. 12 మీటర్లంటే దాదాపు ఆరు సైకిళ్ల పొడవు. రోడ్డు మీద ఒకసారి టేపుతో కొలిచి చూసుకోండి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ దూరం.

మొత్తం (దశ 2): సైకిల్ 3:18. కలిపి 6:30.

దశ 3: చెమట, చక్కెర, ఉప్పు

ఎక్కువ పరీక్షలు పట్టింది ఇక్కడే. చెమట కొలవడానికి ఇంటి తూకం చాలు:

1. మూత్రం పోసి, బట్టల్లేకుండా బరువు చూడండి.
2. రేసు జోరులో గంట చేయండి. తాగిన నీళ్లు కొలిచి రాసుకోండి.
3. ఒళ్లు తుడుచుకుని మళ్లీ బరువు చూడండి.
4. తగ్గిన బరువుకు తాగిన నీళ్లు కలిపితే గంట చెమట.

సైకిల్ మీద 72.4 నుంచి 71.8, తాగినవి 0.6 లీటరు: గంటకు 1.2 లీటర్లు. తేమగాలిలో, కిలోమీటరుకు 6:10 పేస్‌లో పరుగు: 72.2 నుంచి 71.1, తాగినవి 0.4: గంటకు 1.5 లీటర్లు.

కడుపు పట్టేది అంత లేదు. సైకిల్ మీద గంటకు 850 మి.లీ., పరుగులో 650 దాటితే నీళ్లు కడుపులో గిలగిలమంటున్నాయి. తేడా లెక్కేస్తే ఈతలో సుమారు 0.3, సైకిల్‌లో 1.2, పరుగులో 1.8 లీటర్లు: మొత్తం 3.3 లీటర్లు, ఒంటి బరువులో 4.6 శాతం. అంత లోటుతో పరుగు నిలవదు. తాగి పూడ్చలేని లోటును చెమట తగ్గించే పూడ్చాలి, చెమట తగ్గాలంటే వేడి పుట్టడం తగ్గాలి. అంటే నెమ్మదించాలి. 7:00 పేస్‌లో చెమట గంటకు 1.25 లీటర్లకు దిగింది. తొలి అంచనాలోని 2:10 పరుగు పోయింది ఈ తూకం మీదే.

వ్యతిరేక ప్రమాదం కూడా చెప్పాలి. చెమటకు మించి ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. పొడవైన సాధన తర్వాత బరువు పెరిగి ఉంటే ఎక్కువ తాగుతున్నారన్నమాట.

ఇక చక్కెర. మొదటి ప్రయత్నం: ఉత్త మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే, గ్లూకోజ్‌గా విడిపోయే పొడి), గంటకు 80 గ్రాములు. రెండు గంటలకు కడుపు ఉబ్బింది, వాంతి వచ్చినట్టయింది. గ్లూకోజ్ రకం చక్కెరలను పేగు గంటకు 60 గ్రాములకు మించి లాక్కోలేదు; మిగతాది లోపలే ఉండి నీళ్లను తనవైపు లాగుతుంది. ఫ్రక్టోజ్ వేరే దారిన వెళుతుంది కాబట్టి రెండూ కలిపితే మొత్తం పెరుగుతుంది.

రెండో ప్రయత్నం: ఖర్జూరాలు, పల్లీ చిక్కీ. రుచి బాగుంది. పీచు, కొవ్వు వల్ల ఎండలో అరగలేదు. సాధనలో నెమ్మది రైడ్లకు పనికొస్తాయి, రేసుకు కాదు.

నిలిచిన కలయిక, 600 మి.లీ. సీసాలో:

మాల్టోడెక్స్‌ట్రిన్ 120 గ్రా., ఫ్రక్టోజ్ 60 గ్రా., ఉప్పు 4 గ్రా. (సోడియం సుమారు 1,570 మి.గ్రా.), ఒక నిమ్మకాయ రసం.

సీసా బయట టేపుతో మూడు గీతలు, గంటకో గీత. ప్రతి గుక్క తర్వాత ఉత్త నీళ్లు రెండు గుక్కలు తప్పనిసరి. నీళ్లు లేకుండా ఇది తాగితే మొదటి ప్రయత్నపు గతే పడుతుంది. ఫ్రక్టోజ్ దొరకనివాళ్లు ఇంటి పంచదార వాడుకోవచ్చు. అందులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. తీపి మాత్రం వెగటుగా ఉంటుంది.

సైకిల్ మొత్తం: సీసా 180 గ్రా., రెండు జెల్లు (పొట్లాల్లో వచ్చే చిక్కటి చక్కెర పాకం) 50 గ్రా.; 3.3 గంటలకు 230 గ్రా., గంటకు 70. పరుగు మొత్తం: 3, 9, 15 కి.మీ.ల దగ్గర జెల్లు కలిపి 75 గ్రా., పైన కోలా మూడు చిన్న కప్పులు సుమారు 30 గ్రా.

రేసు పొద్దున, మూడు గంటల ముందు: ఇడ్లీలు తేనెతో, ఒక అరటిపండు. సాంబారు, కొబ్బరి చట్నీ పక్కన పెట్టండి. ఉప్మాలో నూనె ఎక్కువ, పూరీ మాట తలచుకోవద్దు. ముందు రాత్రి పెరుగన్నం. గోవాలో ఉన్నన్నాళ్లూ కొత్త రుచులు రేసు తర్వాతకి వాయిదా వేసుకోండి.

దశ 4: వేడికి అలవాటు, ఆపై పరుగు

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. వారానికి పైగా మానేస్తే వచ్చినది పోవడం మొదలవుతుంది. అందుకని రేసుకు మూడు వారాల ముందు మొదలుపెట్టి, చివరి వారంలో ఒకటి రెండు చిన్న మోతాదులు ఉంచాలి. కాకినాడ, నెల్లూరు, విశాఖల్లో ఉన్నవాళ్లకు ఇది సగం ఊరికే దొరుకుతుంది. హైదరాబాదులో అక్టోబరు నాటికి గాలి పొడిబారుతుంది, అక్కడివాళ్లు పని పెట్టుకుని చేయాలి.

1. ఎండపొద్దున 60 నుంచి 75 నిమిషాలు, నెమ్మదిగా. గుండె వేగానికి 145 హద్దు. వేగం ఎంత పడిపోయినా సరే.
2. ఎండ లేని రోజు, సాధన అవగానే 40 డిగ్రీల వేడినీళ్ల తొట్టిలో మెడదాకా 30 నిమిషాలు. ఇంట్లో ఇంకొకరు ఉండగానే చేయాలి, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి.
3. చలి, రోమాలు నిక్కబొడుచుకోవడం, మాట తడబడటం, తలతిప్పు: వీటిలో ఏది కనిపించినా ఆపి నీడలోకి వెళ్లి తల, మెడ తడపాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు.

ఫలితం: అదే 8 కి.మీ., అదే 7:00 పేస్. వేడి సాధనకు ముందు గుండె వేగం 158, ఆ సాధన ముగిసేసరికి 147.

బ్రిక్‌లలో, అంటే సైకిల్ దిగగానే పరుగులో, తేలిన లోపం ఒకటే, ప్రతిసారీ అదే. సైకిల్ మీద కాళ్లు తిరిగిన జోరు పరుగులోకి వచ్చేస్తుంది. మొదటి కిలోమీటరు 6:00కి పోతుంది, తేలిగ్గా అనిపిస్తుంది. ఆ కిలోమీటరు అప్పును పదో కిలోమీటరు దగ్గర కట్టాలి. మొదటి 3 కి.మీ. వాచీలో పేస్ తెర తీసేసి గుండె వేగం మాత్రమే పెట్టి, 145 దాటనివ్వకపోతే ఇది అదుపులోకి వచ్చింది.

నీళ్ల స్టాళ్ల దగ్గర ఆగకుండా తాగితే సగం చొక్కా మీద పడుతుంది. ప్రతి స్టాల్‌లో 40 సెకన్లు నడక, ఇదే వరసలో: తలమీద నీళ్లు, టోపీలో ఐసు, ట్రైసూట్ ఛాతీలో ఐసు, 150 మి.లీ. పానీయం. నీళ్లు పోసుకునేటప్పుడు ముందుకు వంగాలి. నిటారుగా నిలబడి పోసుకుంటే బూట్లలోకి దిగి, తడి మేజోళ్లతో పది కిలోమీటర్లకు మించి పరిగెత్తేసరికి మడమలు బొబ్బలెక్కుతాయి. వేళ్ల మధ్య ముందే వాజిలీన్ రాయండి.

మొత్తం (దశ 4): పరుగు 2:28, కిలోమీటరుకు 7:01. కలిపి 6:48.

దశ 5: ప్రయాణం, ట్రాన్సిషన్

బస్సు డిక్కీలో సైకిల్ పడేస్తే మొదట వంగేది డీరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). చూడ్డానికి తెలియదు, గేర్లు ఎగురుతుంటే తెలుస్తుంది. వెనక డీరైలర్ విప్పి గుడ్డచుట్టి ఫ్రేముకు కట్టేయాలి, ఫోర్కు మధ్య చెక్కముక్క పెట్టాలి, సీటు గొట్టం ఎత్తు దగ్గర టేపు గుర్తు వేసుకోవాలి. అదనపు హ్యాంగర్ వెంట ఉండాలి. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం, వేరే ఊళ్లో దొరకదు. స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే భాగం) బోల్టులు టార్క్ రెంచితో, స్టెమ్ మీద రాసిన హద్దు వరకే. చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు.

సైకిల్‌ను ముందు రోజే ట్రాన్సిషన్‌లో, అంటే టీ1, టీ2 జరిగే చోట, పెట్టాలి. మధ్యాహ్నపు ఎండలో నిండా గాలి ఉన్న టైరు పేలవచ్చు. 50 పీఎస్ఐకి తగ్గించి వదిలి, రేసు పొద్దున కొట్టుకోవాలి.

టీ1 వరస:

1. కాళ్ల ఇసుకకు సంచిలో అర లీటరు సీసా, చిన్న తుండు.
2. మేజోళ్లు, బూట్లు.
3. నంబరు బెల్టు, కళ్లద్దాలు.
4. హెల్మెట్ పెట్టి బకిల్ బిగించాకే సైకిల్ ముట్టాలి. టీ2లో సైకిల్ ర్యాకుకు తగిలించాకే బకిల్ విప్పాలి.
5. సైకిల్ ఎక్కడానికి గీసిన గీత దాటాకే ఎక్కాలి.

ఇసుక కడగకుండా తొక్కి చూశాం. పరుగుకు ముందే కాలివేళ్లు ఒరుసుకుపోయాయి. కడగడానికి పట్టే రెండు నిమిషాలు ఖర్చు పెట్టడమే మేలు.

మొత్తం (దశ 5): టీ1 0:08. కలిపి 6:50.

దశ 6: రేసు రోజు అంకెలు

ఈత 0:52. వాచీలో 2,080 మీటర్లు. ఒడ్డుకు తిరిగే దారిలో ఎండ వల్ల గుర్తులు దొరకలేదు, ముదురు గాగుల్స్ ఉన్నా.

టీ1 0:08.

సైకిల్ 3:21, సగటు 149 వాట్లు. సీసా గీతలు సమయానికి దిగాయి. రెండో జెల్ వేడికి నీళ్లలా కారి చేతికంటుకుంది, సగమే లోపలికి వెళ్లింది.

టీ2 0:05.

పరుగు 2:36. మొదటి 7 కి.మీ. 49 నిమిషాలు, తర్వాతి 7 కి.మీ. 52, చివరి 7.1 కి.మీ. 55. నడక స్టాళ్ల దగ్గర మాత్రమే. 14వ కిలోమీటరు తర్వాత ఒక స్టాల్‌లో ఐసు అయిపోయి ఉంది. అక్కడి నుంచి గుండె వేగం ఐదు పెరిగి మళ్లీ దిగలేదు.

మొత్తం: 7:02. బరువు తగ్గింది 2.5 కిలోలు, 3.5 శాతం.

తర్వాతి దశకు పెట్టుకున్న పరీక్షలు:

1. జెల్లు మానేసి ఆ 50 గ్రాములనూ సీసాలోనే కలిపితే 600 మి.లీ.లో కడుపు ఒప్పుకుంటుందా, లేక 750 సీసా కావాలా?
2. మెడకు కట్టే ఐసు పట్టీ: ఎన్ని నిమిషాలు చల్లగా ఉంటుంది, ఐసు లేని స్టాల్ నుంచి తర్వాతి స్టాల్ దాకా నెట్టుకురాగలదా?
3. తిరుగుదారిలో గుర్తుల బదులు వాటి వెనక ఎత్తయిన భవనం, చెట్ల వరస చూసుకుని ఈదితే 2,080 ఎంతకు దిగుతుంది?
4. పరుగు మొదటి 3 కి.మీ.కు గుండె వేగం హద్దు 145 నుంచి 142కి.